తెలిసీ ఎందుకు వాయిదా వేస్తాం? తాత్సారం వెనుక ఉన్నది బద్ధకం కాదు

2024 జులై 31న ఒక్కరోజులోనే దేశవ్యాప్తంగా 69.92 లక్షల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. ఆ రోజుతో ముగిసిన గడువులోగా అందిన మొత్తం రిటర్నులు 7.28 కోట్లకు పైగా ఉన్నాయి. అంటే, దాదాపు ప్రతి పదింటిలో ఒకటి చివరి రోజునే అందింది. 2023లోనూ ఇదే వరస: 6.77 కోట్ల రిటర్నులలో 64.33 లక్షలు జులై 31నే వచ్చాయి.

చివరి రోజున దాఖలు చేసిన వారందరూ అలక్ష్యం చేసినవారని అనలేం. కొందరికి పత్రాలు ఆలస్యంగా అందుతాయి, మరికొందరిని పోర్టల్ సతాయిస్తుంది. అయితే వేతన జీవులకు యాజమాన్యాలు ఫారం-16 ఇవ్వవలసిన తుది తేదీ జూన్ 15. అక్కడి నుంచి లెక్కించినా ఆరు వారాలకు పైగా వ్యవధి ఉంది. గడువు దాటితే రూ.5,000 రుసుము తప్పదు. పన్ను విధించదగిన ఆదాయం రూ.5 లక్షలు మించనివారికి అది రూ.1,000. ఆ ఏడాది ఆలస్యంగా దాఖలు చేసిన ఉద్యోగులకు పాత పన్ను విధానాన్ని ఎంచుకునే అవకాశం కూడా లేకపోయింది. ఇంత నష్టం ఉందని తెలిసినా ‘రేపు చూద్దాం’ అనిపించడానికి కారణమేమిటి?

నిదానం వేరు, తాత్సారం వేరు

‘నిదానమే ప్రధానం’ అన్న సామెత, ‘ఆలస్యం అమృతం విషం’ అన్న సామెత రెండూ తెలుగువారి నోట వినిపిస్తాయి. వాటి మధ్య వైరుధ్యమేమీ లేదు. ఆలోచించుకోవడానికి ఆగడం నిదానం; నష్టమని తెలిసీ ఆగడం తాత్సారం. మనస్తత్వ శాస్త్రవేత్త పియర్స్ స్టీల్ 2007లో వెలువరించిన సమీక్షా వ్యాసంలోని నిర్వచనం కూడా ఇటువంటిదే. చేయదలచిన పనిని, ఆలస్యంవల్ల తనకే చెరుపని ఎరిగి కూడా, స్వచ్ఛందంగా వాయిదా వేయడమే తాత్సారం.

బద్ధకస్తుడికి పని చేయాలన్న కోరికే ఉండదు. తాత్సారం చేసేవారికి ఆ కోరిక ఉంటుంది. రిటర్ను దాఖలు చేయవలసిన రోజున బీరువా సర్దేవారు, పాత బిల్లులు వెదికేవారు ఖాళీగా కూర్చున్నవారు కారు. ఫ్యూషా సిరోయిస్, టిమోతీ పిచిల్ 2013లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, మనం తప్పించుకోజూసేది పనిని కాదు, ఆ పని తలపుకు రాగానే కలిగే విసుగును, భయాన్ని, సందేహాన్ని. పక్కన పెట్టగానే మనసు తేలికపడుతుంది. ఆ ఊరటే బహుమానమై అలవాటును బలపరుస్తుంది.

దీనికి తప్పుడు అంచనా తోడవుతుంది. 1994లో కెనడాకు చెందిన పరిశోధకులు డిగ్రీ సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులని వారు చెప్పారు. అన్నీ ఎదురుతిరిగినా దాదాపు 49 రోజులు చాలన్నారు. వాస్తవానికి పట్టింది సుమారు 55 రోజులు.

బయటపడే దారులు

మూలం భావోద్వేగంలో ఉన్నప్పుడు కొత్త డైరీ, కొత్త టైంటేబుల్ మాత్రమే సరిపోవు. పని మొదలుపెట్టడంలోని ఇబ్బందిని తగ్గించాలి. ‘రిటర్ను దాఖలు చేయాలి’ అనుకుంటే మనసు వెనుకాడుతుంది. ‘ఈ రోజు ఫారం-16, బ్యాంకు వడ్డీ వివరాలు ఒకచోట చేర్చాలి’ అనుకుంటే అంత భారం ఉండదు.

సంకల్పానికి సమయాన్నీ స్థలాన్నీ ముడిపెట్టడం రెండో మార్గం. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ పద్ధతిని విస్తృతంగా పరిశీలించారు. ‘వీలు చూసుకుని చేస్తాను’ అనడానికి బదులు ‘ఆదివారం ఉదయం కాఫీ తాగగానే, హాల్లోని బల్ల దగ్గర కూర్చుని పోర్టల్ తెరుస్తాను’ అని నిర్ణయించుకున్నవారు పని పూర్తిచేసే అవకాశం ఎక్కువ. ఎప్పుడు, ఎక్కడ అన్న ప్రశ్న ముందే తేలిపోవడంతో ఆ క్షణాన మళ్లీ మనసుతో బేరమాడవలసిన అవసరం ఉండదు.

మూడోది, జరిగిన ఆలస్యానికి తనను తాను క్షమించుకోవడం. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి పరీక్షకు చదవడంలో తాత్సారం చేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు తర్వాతి పరీక్షకు ముందు ఆ పొరపాటును తగ్గించుకున్నారు. ఆత్మనింద పనిపట్ల ఉన్న అయిష్టాన్ని మరింత పెంచుతుంది. పెరిగిన అయిష్టం మరో వాయిదాకు దారితీస్తుంది.

అయితే ప్రతి వాయిదానూ అలవాటుగా కొట్టిపారేయరాదు. కుంగుబాటు, ఏకాగ్రత లోపం వంటి సమస్యలున్నవారికీ పనులు మొదలుపెట్టడం కష్టమవుతుంది. నిద్ర, ఆకలి, దైనందిన వ్యవహారాలు కూడా వారాల తరబడి దెబ్బతింటుంటే నిపుణులను సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ సేవను 14416 నంబరులో ఉచితంగా పొందవచ్చు.