యాటకూరా, సైనైడూ, సుబ్బారావుగారూ

మాది మక్తల్. శనివారం పడమటి ఆంజనేయస్వామి పేరు చెప్పి నీసు ముట్టని ఇళ్లలోనే ఆదివారం పొద్దున యాటకూర ఉడుకుతుంది. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే లెక్కన తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి దాదాపు 99 మంది మాంసం తినేవాళ్లే. ఇలాంటి చోట, అదీ మా ఇంట్లో, మాంసం తినడం హింసా కాదా అని పంచాయితీ లేస్తుందని నేననుకోలేదు. లేపింది ఇంగ్లండువాళ్ల పాత టీవీ సీరియల్ ఒకటి.

దాని పేరు డాక్టర్ హూ. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. అందులో డాక్టరంటే సూదిమందు వేసేవాడు కాదు. వేరే గ్రహం మనిషి. కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. తుపాకీ జోలికి పోకుండా ఎంత పెద్ద ఆపదనైనా బుద్ధిబలంతో గట్టెక్కిస్తాడని పేరు. సెలవులకొచ్చిన మనవడూ మనవరాలూ దాని పాత భాగాలు ముందేసుకుని కూర్చున్నారు. 1985లో వచ్చిన ‘ది టూ డాక్టర్స్’ కథ దగ్గర ఇద్దరికీ చెడింది.

కథ రాసినాయన రాబర్ట్ హోమ్స్. ఆయన శాకాహారి. తన మనసులో మాట చెప్పడానికి షాక్‌ఐ అనే వంటవాణ్ణి పుట్టించాడు. వాడిది వేరే లోకం, పేరుమోసిన తిండిపోతు. కనపడ్డ ప్రతి ప్రాణినీ కూరగానే చూస్తాడు. మనిషి మాంసం రుచి చూడాలన్న యావతో భూమ్మీదకి దిగుతాడు. తక్కువ జాతి జీవులకు మనకున్నంత నొప్పి ఉండదన్నది వాడి వాదం. మనం కోడి గురించీ మేక గురించీ అనే మాటే వాడు మన గురించి అంటాడు. హోమ్స్ పెట్టిన మెలిక అదే. చివరికి వాడు కత్తి పట్టుకుని డాక్టర్ని వేటాడతాడు. డాక్టరుకి దారిలో ఒక సీతాకోకచిలుకల వేటగాడి సామాను దొరుకుతుంది. పురుగుల్ని చంపడానికి అందులో సైనైడు ఉంటుంది. దాన్ని షాక్‌ఐ ముఖానికి అదిమి చంపేస్తాడు. కథ ముగిసేలోపు, ఇకమీద మాంసం ముట్టనని కూడా ఒట్టేసుకుంటాడు.

“గాయన యాటను తిననంటడు, ఎదుటోణ్ణి మాత్రం సంపిండు. గిదేం దయ తాతా?” అని మనవరాలు.

“వాడు కత్తి పట్టుకొని మీదికొస్తుంటే దండం పెట్టమంటవా?” అని మనవడు.

వీళ్లిద్దరే కాదు, నలభై ఏళ్లుగా ఆ సీరియల్ అభిమానులు ఇదే తగాదా పడుతున్నారు. మాంసం వద్దని చెప్పే కథలో ఇంత నెత్తురెందుకని కొందరు. నెత్తురు చూపించకపోతే కూర వెనక ఏముందో ఎట్లా తెలుస్తుందని కొందరు. అదే 1985లో బీబీసీ ఆ సీరియల్‌ని పద్దెనిమిది నెలలు ఆపేసింది. చెప్పిన కారణాల్లో హింస మితిమీరిందన్నది ఒకటి.

తీర్పు చెప్పమని నా మీద పడ్డారు. తీర్పు సంగతి తర్వాత, ముందు సైనైడు సంగతి తేల్చుకుందాం అన్నాను.

సైనైడంటే సినిమాల్లో గూఢచారులు కొరికే గోలీ ఒకటే కాదు, మన జొన్నచేలల్లోనూ ఉంది. జొన్న కోసిన తర్వాత మోళ్ల నుంచి లేత పిలకలొస్తాయి. దాన్ని నాము అంటాం. వానల్లేక వాడిన లేత జొన్న కూడా అంతే ప్రమాదం. అందులో ధురిన్ అనే పదార్థముంటుంది. పశువు నమిలితే అది విడిపోయి సైనైడు విషం పుడుతుంది. నాము తిన్న గొర్రె ఆయాసపడి, వణికి, నిమిషాల్లో పడిపోవచ్చు. పశువుల డాక్టరు దొరికి సోడియం థయోసల్ఫేట్ సూది వెంటనే పడితే బతుకుతుంది. గొల్లకురుమల పెద్దలు మందను ఏ చేలోకి తోలాలో చూసి తోలేది ఇందుకే.

ఈ విషం చేసే పని చిత్రంగా ఉంటుంది. నెత్తుట్లో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది, కానీ కణాలు దాన్ని వాడుకోలేవు. ప్రాణవాయువుతో శక్తి తయారుచేసే వరసలో చివరి ఎంజైముని సైనైడు పట్టేసుకుంటుంది. దాంతో ఏటీపీ తయారీ ఆగిపోతుంది.

ఏటీపీ అంటే ఒంట్లో తిరిగే చిల్లర డబ్బు. తిన్న తిండి పెద్ద నోటనుకుంటే, దాన్ని మార్చి ప్రతి కణమూ ఖర్చు పెట్టేది ఈ చిల్లరే. ఒక పూటకి సరిపడా నిలవ కూడా ఉండదు. ఖర్చైందల్లా అప్పటికప్పుడు మళ్లీ తయారవుతుంటుంది. అట్లా రోజు మొత్తం మీద మన ఒంటి బరువంత ఏటీపీ చేతులు మారుతుందని లెక్క.

దీన్ని కండరంలో పట్టుకున్నవాళ్లలో ఒకాయన మనవాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో చెప్పారు. 1929లో ఏటీపీని బయటపెట్టారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుక్కున్నాడు.

“గిప్పుడు సుబ్బారావు ఎందుకొచ్చిండు తాతా?” అన్నది మనవరాలు.

ఎందుకంటే, యాటను కోశాక కూరలో జరిగే కథంతా ఏటీపీ కథే. కండరంలో రెండు రకాల సన్నటి పోగులుంటాయి. ఒకటి గుంజేది, ఇంకోటి గుంజుడు పడేది. పట్టుకున్న పోగు విడవాలంటే ఏటీపీ కావాలి. ప్రాణం పోయాక కొంతసేపు కండరం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ని కరిగించి ఏటీపీ చేసుకుంటుంది. అదీ అయిపోయాక పోగులు పట్టినవి పట్టినట్టే బిగుసుకుంటాయి. శవం కట్టెలా అయ్యేది అందుకే. కొన్నాళ్లు చల్లగా నిలవ ఉంచితే కండరంలోని ఎంజైములే పోగుల్ని తెంపి మాంసాన్ని మెత్తబరుస్తాయి.

గ్లైకోజన్ కరిగేటప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు. బతికున్న కండరం పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. కోశాక ఒక రోజు లోపల అది 5.5 దాకా దిగాలి. అంకెలో తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ, పీహెచ్ ఒక అంకె దిగితే పులుపు పదింతలవుతుంది. ఒకటిన్నర దిగితే దాదాపు ముప్పై రెట్లు. ఆ పులుపులో సూక్ష్మజీవులు తొందరగా పెరగలేవు. మాంసం నిలవుండేది దాని వల్లే.

హింస అన్న మాట వచ్చేది ఇక్కడే. కోసే ముందు ఆ జీవాన్ని తరిమారనుకోండి, కొట్టారనుకోండి, రాత్రంతా లారీలో నిలబెట్టి తెచ్చారనుకోండి. భయానికీ అలసటకీ దాని గ్లైకోజన్ బతికుండగానే ఖర్చైపోతుంది. కోశాక ఆమ్లం తయారుకావడానికి సరుకుండదు. పీహెచ్ 6 పైనే ఆగిపోతుంది. అట్లాంటి మాంసం నల్లగా, గట్టిగా, తడి లేనట్టు ఉంటుంది, తొందరగా చెడుతుంది. ఆ జీవం చివరి రోజు ఎట్లా గడిచిందో, అది పోయాక కూడా మీటరు పెట్టి కొంతవరకు చెప్పొచ్చన్న మాట.

మా వాడకట్టులో యాట కోసే పెద్దాయన పీహెచ్ మీటరు చూసి ఎరగడు. అయినా ముందురోజు రాత్రి పోతుకు మేత ఆపి నీళ్లు మాత్రం పెడతాడు. పొద్దున దాన్ని నీడన కట్టేసి, చుట్టూ మూగిన పిల్లల్ని కసిరి పంపిస్తాడు. కత్తి తుండుగుడ్డ కిందే ఉంటుంది. పక్కనే ఇంకో పోతు ఉంటే దాన్ని గోడ అవతలికి తోలిస్తాడు. “బెదిరిన దాన్ని కొయ్యొద్దు, కూర పాడైతది” అంటాడు. వధశాలల కోసం 2001లో కేంద్రం చేసిన నియమాల్లో ఉన్నదీ ఇదే. ఒక జీవాన్ని ఇంకోటి చూస్తుండగా కొయ్యకూడదు. పశువైద్యుడు పరీక్షించాక 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. కాగితం మీది నియమం ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే సంగతి.

“మన దగ్గర పొద్దున కోసింది మధ్యాహ్నానికల్ల కుండల పడ్తది. పీహెచ్ దిగేదాక ఎవరాగుతరు?” అన్నాడు మనవడు. మంచి ప్రశ్న. వాడన్నట్టు ఊళ్లో ఒక్క యాటను కోసి పోగులు పెట్టుకునేచోట ఈ తేడా నాలుకకి తెలియకపోవచ్చు. మంద మంద లారీలెక్కి పట్నం పోయేచోట, మాంసం ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉండేచోట తెలుస్తుంది. 2019 పశుగణన నాటికి తెలంగాణలో గొర్రెలు దాదాపు 1.9 కోట్లు. దేశంలో మనదే మొదటి స్థానం. ఇన్ని జీవాలున్న రాష్ట్రంలో ఇది చిన్న ముచ్చట కాదు.

సరే, మాంసం చెడుతుందని కాదు, అసలు వాటికి బాధ తెలుస్తుందా? షాక్‌ఐ తెలియదంటాడు. తెలివిలేనివాణ్ణి మనం గొర్రె అంటాం కదా, ఆ గొర్రె సంగతే చూడండి. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం 2001లో నేచర్ పత్రికలో రాసింది: గొర్రెలు యాభై తోటి గొర్రెల ముఖాలు గుర్తుపట్టగలవు, రెండేళ్లు దాటినా మరిచిపోవు. ఒంటరిగా కట్టేసిన గొర్రెకి తెలిసిన గొర్రె ముఖం బొమ్మలో చూపించినా బెదురు తగ్గుతుందని తర్వాత తేలింది. మందలో ఏది ఏదో కాపరికి తెలుసని మనం మెచ్చుకుంటాం. మందలో ఎవరు లేరో గొర్రెకూ తెలుసు. కాబట్టి షాక్‌ఐ వాదం నిలవదు. వాడిది తిండి తప్పు కంటే చూపు తప్పు అంటాను నేను.

“గట్లయితే జీవాన్ని సంపకుండనే కూర పుట్టిస్తే పంచాయితీ ఒడవదా?” అన్నాడు మనవడు.

ఆ కలా పాతదే. కోడి రొమ్ము తినడానికి కోడి మొత్తాన్ని పెంచే అవస్థ యాభై ఏళ్లలో తప్పుతుందని చర్చిల్ 1931లోనే రాశాడు. 1987లో మొదలైన కొత్త స్టార్ ట్రెక్‌లో ఓడలోని మనుషులు తిండి కోసం జంతువుల్ని పెంచరు, మాంసం యంత్రమే తయారుచేస్తుంది. నిజంగా చేసి చూపింది నెదర్లాండ్స్‌కి చెందిన మార్క్ పోస్ట్. 2013 ఆగస్టులో లండన్‌లో ప్రయోగశాల మాంసంతో బర్గర్ వండించాడు. ఖర్చు రెండున్నర లక్షల యూరోలు. కొవ్వు లేదు. రంగు కోసం బీట్‌రూట్ రసమూ కుంకుమపువ్వూ కలిపారు. 2020లో సింగపూరు ఇట్లాంటి కోడిమాంసం అమ్మకానికి మొదటిసారి అనుమతిచ్చింది.

మనదాకా కూడా వచ్చింది. హైదరాబాదులో హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం కలిసి ఈ పని తలకెత్తుకున్నాయి. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం వాళ్లకు 4.5 కోట్ల రూపాయలిచ్చింది. పత్రికలవాళ్లు దీన్ని అహింసా మాంసం అన్నారు.

పద్ధతి వినండి. బతికున్న జీవం కండ నుంచి చిన్న ముక్క తీస్తారు. కండకి దెబ్బ తగిలినప్పుడు మేల్కొని మాన్పే కణాలు కొన్ని అందులో ఉంటాయి. వాటిని వేరుచేసి, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ లవణాలూ కలిపిన ద్రవంలో, ఒంటి వేడిమి దగ్గర పెంచుతారు. అవి రెట్టింపు రెట్టింపుగా పెరిగి పోగులుగా అల్లుకుంటాయి. చిక్కేమిటంటే అందులో నెత్తురు నాళాలుండవు. పొర కొంచెం మందమైతే లోపలి కణాలకు తిండీ గాలీ అందక చస్తాయి. అందుకే సులువుగా వచ్చేది కీమా. తలకాయ, బోటి, నల్లిబొక్క రావు. “నల్లిబొక్క లేంది గదేం కూర?” అని మా ఇంటామె అక్కడికక్కడే కొట్టిపారేసింది.

ఇంకో చిక్కు దానికంటే పెద్దది. కణాలు పెరగడానికి మొదట్లో అందరూ వాడింది పుట్టని దూడ నెత్తుటి నుంచి తీసిన సీరం. అహింసా మాంసానికి దూడ నెత్తురా అని జనం అడిగారు, అడగాల్సిందే. ఇప్పుడు సీరం లేని ద్రవాలు వస్తున్నాయి. ధర దిగాలి, రుచి రావాలి. అప్పటిదాకా మన కుండలోకి వచ్చేది మందలో యాటే.

ఇక తీర్పు. మాంసం తినాలా వద్దా అన్నది ఎవరి మనసుకి వాళ్లు చెప్పుకోవాల్సిన జవాబు. మానేసినవాళ్లు బీ12 విటమిన్ సంగతి చూసుకోవాలి. మొక్కలు దాన్ని తయారుచెయ్యవు. పాలు, పెరుగు, అవసరమైతే మాత్ర ఉన్నాయి. డాక్టరు మానేశాడు, మంచిదే. కానీ కంచంలోంచి ముక్క తీసేసినంతమాత్రాన చేతిలోంచి హింస పోలేదని మా మనవరాలు పట్టేసింది. అదీ నిజమే. కంచం చూసి మనిషి దయను కొలవలేం. జీవం పడే బాధను మాత్రం కొంతైనా కొలవొచ్చు, తగ్గించొచ్చు. దానికి సైన్సు ఉంది, చట్టం ఉంది. లేనిది అడిగే అలవాటు. మాంసం కొట్టు దగ్గర ధర అడుగుతాం, లేతదేనా అని అడుగుతాం, బొక్కలు తక్కువెయ్యమంటాం. దాన్ని ఎంత దూరం నుంచి తోలుకొచ్చిన్రు, రాత్రి నీళ్లు పెట్టిన్రా అని కూడా అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడు అడగకముందే కొట్టాయన జవాబు సిద్ధం చేసుకుంటాడు.