మనస్సమ్మతి లేని బేరంలో బర్కత్ ఉండదు

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైన, ఆయన కుటుంబం పైన, సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక!



గత రమజాన్ చివరి పది రోజుల్లో ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. ఆ అమ్మాయి పట్టణంలోని ఒక పెద్ద బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఉదయం వెళితే రాత్రికి గాని ఇల్లు చేరదు. అంతసేపూ నిలబడే ఉండాలి. ఇఫ్తార్ వేళ కౌంటరు వెనుక నిలబడి ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్ళతో ఉపవాసం విరమించేది. రోజుకింత అమ్మాలని టార్గెట్ ఉంటుంది. అది పూర్తి కాకపోతే అందరి ముందూ మాటలు పడాలి, ఆపైన జీతంలో కోత. అందుకని లోపల స్టాకు నిండుగా ఉన్నప్పటికీ, “ఇదొక్కటే మిగిలింది, మళ్ళీ రాదు” అని చెప్పవలసి వస్తుంది. ఆమె మమ్మల్ని సెలవు కావాలనో, సిఫారసు చేయమనో అడగలేదు. తన జీతం హలాలేనా అని మాత్రమే అడిగింది.

ఆ ప్రశ్నకు సమాధానం ఒక్క మాటలో చెప్పి పంపలేకపోయాం. ఎందుకంటే అది ఆ అమ్మాయి ఒక్కదాని ప్రశ్న కాదు. దుకాణం నడిపేవారు, అందులో పని చేసేవారు, అక్కడ కొనేవారు, మనమందరం జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న అది.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 29వ ఆయత్‌లో, ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినరాదని అల్లాహ్ విశ్వాసులను వారించాడు. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని మాత్రం ధర్మసమ్మతం చేశాడు. ఈ అంగీకారాన్నే ధర్మవేత్తలు ‘తరాజీ’ అంటారు. అమ్మేవాడు ఇష్టపడి ఇవ్వాలి, కొనేవాడు ఇష్టపడి తీసుకోవాలి. డబ్బు చేతులు మారినంత మాత్రాన ఆ షరతు తీరిపోదు. అబద్ధం విని ఒప్పుకున్నవాడు నిజంగా ఒప్పుకున్నట్లు కాదు. సిగ్గుపడో, బెదిరిపోయో, నలుగురిలో చులకన అవుతామని భయపడో కొన్నవాని అంగీకారం పెదవుల వరకే ఉంటుంది.

సోదరులారా! మన మొవ్వ ప్రాంతంలో పెళ్ళి కుదిరినా, పండుగ వచ్చినా బట్టల కోసం గుడివాడకో, బందరుకో, లేక పామర్రు మీదుగా బెజవాడకో బయలుదేరుతాం. ఆషాఢం సేల్, సంక్రాంతి ఆఫర్, రమజాన్ ఆఫర్ అని గోడల నిండా కాగితాలు కనిపిస్తాయి. ఆఫర్ పెట్టడం తప్పు కాదు, ధర తగ్గించడం మేలే. కానీ ముందు ధర పెంచి చీటీ అంటించి, తరువాత సగం తగ్గించినట్లు చూపితే అది అబద్ధమే. కొనే ఉద్దేశం లేని మనిషిని నిలబెట్టి ధర పెంచే పాటను ‘నజష్’ అంటారు. దైవప్రవక్త (సఅసం) దానిని నిషేధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. లేని గిరాకీని ఉన్నట్లు చూపి, కొనేవానిని తొందరపెట్టి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకపోవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. ప్రమాణాలు చేసి అమ్మితే సరుకు చెల్లిపోతుంది గాని అందులోని శుభం తుడిచిపెట్టుకుపోతుందని కూడా ఆయన హెచ్చరించారు.

ఒకనాడు దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో వెళుతూ ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా తగిలాయి. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. మోసగించేవాడు తన వాడు కాడని ప్రకటించారు. ముస్లిం గ్రంథంలోని ఈ హదీసు మన డెల్టా రైతులకు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. తడిసిన ధాన్యం ఎంత, ఆరిన ధాన్యం ఎంత అన్నది మీకు మేము చెప్పనవసరం లేదు.

ఇక బట్టల వ్యాపారం సంగతి. మన ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టువస్త్రాల వర్తకులు. ఆయన భాగస్వామి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్‌కు సరుకు పంపుతూ, అందులో ఒక వస్త్రానికి లోపం ఉందని, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి మరీ అమ్మమని సూచించారు. హఫ్స్ మరచిపోయి చెప్పకుండానే అమ్మేశారు. కొన్నవారెవరో తెలియలేదు. అప్పుడు ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసివేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. మరొకసారి ఒక స్త్రీ పట్టువస్త్రం అమ్మజూపి నూరు దిర్హములు అడిగితే, అది అంతకంటే ఎక్కువ విలువ చేస్తుందని ఆయనే చెప్పి, ఐదు వందలకు కొన్నారని కూడా రాశారు. మనం హనఫీలమని చెప్పుకుంటాం. నమాజులో చేతులు ఎక్కడ కట్టాలో ఆయన మార్గంలో నేర్చుకున్నాం. దుకాణంలో నోరు ఎలా కట్టుకోవాలో కూడా ఆయన వద్దనే నేర్చుకోవాలి కదా!

దుకాణదారులైన సోదరులారా! కౌంటరులో నిలబడిన అమ్మాయి అబద్ధం చెబుతున్నదంటే, ఆ అబద్ధం ఎక్కడ పుట్టిందో వెతకండి. యజమాని మేనేజరుకు లెక్క ఇస్తాడు, మేనేజరు ఫ్లోరు మీది వారికి టార్గెట్ ఇస్తాడు, వారు కొనేవారి మీద పడతారు. పై నుండి వచ్చిన ఒత్తిడి మెట్టు మెట్టూ దిగి, చివరికి కూతురి పెళ్ళికి అప్పు తెచ్చుకున్న తండ్రి జేబును చేరుతుంది. లెక్క మాత్రం కింది నుండి మొదలు కాదు. ప్రతి కాపరీ తన మంద గురించి ప్రశ్నించబడతాడని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు.

పనివారు మీ సోదరులేనని, అల్లాహ్ వారిని మీ చేతి కింద ఉంచాడని, వారి శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే స్వయంగా సాయపడాలని అబూ జర్ (రజి) ద్వారా మనకు చేరిన ప్రవచనం బోధిస్తుంది. చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న ప్రవచనం ఇబ్నుమాజాలో ఉంది. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ హదీసు. టార్గెట్ పేరుతో, ఆలస్యం పేరుతో, పోయిన సరుకు పేరుతో కోసిన జీతం ఏ ఖాతాలోకి వెళుతుందో ఈ హదీసు ముందు పెట్టుకొని చూసుకోండి. సాయంత్రం ఇంటికి వెళ్ళేవారిని వరుసలో నిలబెట్టి దొంగలవలె సోదా చేయడం కూడా ఆలోచించవలసిన విషయమే. నిరాధారమైన అనుమానాలకు దూరంగా ఉండమని అల్ హుజురాత్ సూరా ఆదేశిస్తోంది.

కూర్చునే హక్కు అనేది చిన్న విషయంగా తోచవచ్చు. కేరళలో బట్టల దుకాణాల స్త్రీలు దానికోసం ఏళ్ళ తరబడి పోరాడారు. కోళికోడ్ బజారులో మరుగుదొడ్డి సౌకర్యం లేక, పనిచేసే స్త్రీలు నీళ్ళు తాగడమే మానుకునేవారు. విజి అనే దర్జీ వృత్తి స్త్రీ వారిని కూడగట్టింది. చివరకు 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారికి కూర్చునే ఏర్పాటును తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికొక సెలవును, వారానికి 48 గంటల పరిమితిని, అదనపు పనికి రెట్టింపు వేతనాన్ని నిర్దేశించింది. శక్తికి మించిన భారం వద్దన్న ప్రవచనం మన చేతిలో ఉండగా, ఒక బల్ల వేయడానికి మనం చట్టం కోసం ఎదురుచూడాలా? ముస్లిం దుకాణదారుడు ఈ విషయంలో అందరికంటే ముందు ఉండవలసింది.

కొనేవారి గౌరవం మాట కూడా చెప్పుకోవాలి. పాత చెప్పులతో వచ్చిన పల్లెటూరి మనిషిని, బురఖాలో వచ్చిన స్త్రీని ఎగాదిగా చూసి వెంట మనిషిని పంపడం, ఏమీ కొనకుండా లేచినవారిని విసుక్కోవడం చాలా చోట్ల చూస్తున్నాం. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు దాదాపు ప్రతి దుకాణంలో వేలాడుతుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. మన ధర్మం ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. లోపం లేకపోయినా, కొన్నందుకు చింతిస్తున్నవాని బేరాన్ని రద్దుచేసి సరుకు తిరిగి తీసుకోవడాన్ని ‘ఇఖాలా’ అంటారు. అలా చేసినవాని తప్పిదాలను ప్రళయదినాన అల్లాహ్ మన్నిస్తాడని అబూ దావూద్ హదీసు శుభవార్త ఇస్తోంది.

అయితే కొనేవారమైన మనం తప్పు లేనివారమా? ఒకసారి మేమే ఒక దుకాణంలో నలభై బట్టలు విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచి వచ్చాం. ఆ కుర్రవాడు వంచిన తల ఎత్తకుండా మళ్ళీ ఒక్కొక్కటే మడత పెట్టుకోవడం గుమ్మం దగ్గర తిరిగి చూస్తే కనిపించింది. వెనక్కి వెళ్ళి అతనితో ఒక మంచి మాట చెప్పవలసింది. చెప్పలేదు. ఈ రోజుకీ అది మా మనసులో ముల్లుగా ఉంది. పెళ్ళికి కట్టుకున్న చీరను మడిచి బాగాలేదని వాపసు ఇచ్చేవారు, మేనేజరు మీది కోపాన్ని నెలకు కొద్దిపాటి జీతం తీసుకునే అమ్మాయి మీద చూపేవారు మనలోనే ఉన్నారు. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మృదువుగా ఉండేవానిని అల్లాహ్ కరుణించుగాక అని దైవప్రవక్త (సఅసం) ప్రార్థించారు. ఆ ప్రార్థనలో కొనేవాడూ ఉన్నాడు.

ఇక ఆ అమ్మాయికి మేము చెప్పిన సమాధానం ఇది. అమ్మా! నీవు నిలబడిన గంటలకు, మోసిన బరువుకు, మర్యాదగా చూపిన సరుకుకు వచ్చిన జీతం హలాల్. అబద్ధం మాత్రం పాపం. సృష్టికర్తకు అవిధేయత అయ్యే విషయంలో సృష్టితాలకు విధేయత లేదు. బట్టలో ఉన్న మంచిని చెప్పు, లేనిది చెప్పకు. ‘ఇదొక్కటే ఉంది’ అనవలసి వచ్చిన చోట ‘ఇది మీకు నప్పుతుందో లేదో నిదానంగా చూసుకోండి’ అను. జరిగినదానికి తౌబా చేసుకో, వేరే పని దొరికే వరకు ఓర్చుకో. నిన్ను అబద్ధానికి నెట్టినవారు తమ వంతు భారం తామే మోస్తారు.

ఆమె వెళ్ళాక మాకొక విషయం తట్టింది. ఉద్యోగం పోతుందన్న భయంలోనూ ఆ పిల్ల తన జీతం హలాలా అని అడిగింది. ఆమె శ్రమ మీద లాభం తీసుకునేవారిలో ఎందరు అలా అడుగుతున్నారు?

సోదరులారా! నమాజులు, ఉపవాసాలు, జకాత్‌లతో వచ్చి కూడా, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టినందువల్ల తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చుకోవలసి వచ్చేవాడే తన సముదాయంలో అసలైన దివాలాకోరు అని దైవప్రవక్త (సఅసం) వివరించారు. ఈ సాయంత్రం గల్లా లెక్కపెట్టేటప్పుడు ఆ రెండో లెక్కను కూడా ఒకసారి చూసుకుందాం. దుకాణం ఉన్నవారు రేపు ఉదయానికి కౌంటరు వెనుక ఒక బల్ల వేయించండి. పనివారికి జుమాకు, ఇఫ్తార్‌కు వ్యవధి ఇవ్వండి. కొనబోయేవారు అమ్మేవారిని పేరు అడిగి, సలాం చెప్పి, ఆ తరువాత బేరం మొదలుపెట్టండి.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి. మా బేరాలలో సత్యాన్ని, మా మాటలలో మృదుత్వాన్ని ప్రసాదించు. మా చేతి కింద పనిచేసేవారి ముందు, ప్రళయదినాన నీ ముందు, మమ్మల్ని తల దించుకోనివ్వకు. ఆమీన్.