గొట్టంలో నూకైపోతున్న పాలపొడి
వేగం తగ్గిస్తేనే రైతు పాలకు విలువ

గోరువెచ్చని నీళ్ల గ్లాసులో చెంచాడు పాలపొడి వేసి చూడండి. మంచి పొడి అయితే కాసేపట్లో తడిసి, కిందికి దిగి కరిగిపోతుంది. కానిదైతే పైనే తేలుతుంది. ఎంత తిప్పినా ఉండలు ఉండలుగా మిగులుతుంది. అలాంటి డబ్బాను ఇల్లాలు రెండోసారి కొనదు. మిఠాయి కొట్టువాడు సరుకు తిప్పి పంపుతాడు. ఇందులో గేదె తప్పు లేదు, పాలు పోసిన రైతు తప్పు అంతకంటే లేదు. ఆ పొడి ఫ్యాక్టరీలోనే, ఒక గది నుంచి మరో గదికి వెళ్లే గొట్టంలో చెడిపోయి ఉండవచ్చు.

చలికాలంలో పాల కేంద్రాల ముందు బిందెలు బారులు తీరుతాయి. వచ్చిన పాలన్నీ పట్నంలో చెల్లవు. మిగిలినవి పొడిగానో వెన్నగానో మారితేనే వేసవి దాకా నిలుస్తాయి, రైతుకు డబ్బు చేతికి వస్తుంది. గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు కొట్టిపారేస్తే, గుజరాత్‌లోని ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా చేసి చూపించారు. 1955లో అక్కడి ఫ్యాక్టరీ మొదలైంది. యునిసెఫ్ సాయంతో 1969లో విజయవాడలో పాల ఉత్పత్తుల ఫ్యాక్టరీ వచ్చింది.

వెన్న తీసిన పాలు సుమారు 11 లీటర్లు ఆరితే కిలో పొడి వస్తుంది. గొట్టంలో ఒక కిలో చెడిందంటే ఆ 11 లీటర్ల విలువ తగ్గినట్లే.

మరమరాల ఉండ వంటిది

పాలను ముందుగా చిక్కబరుస్తారు. తర్వాత ఎత్తయిన గదిలో 180 నుంచి 200 డిగ్రీల వేడిగాలిలోకి మంచు తుంపరలా చిమ్ముతారు. తుంపర కింద పడేలోగా ఆరి సన్నని రేణువవుతుంది. ఈ రేణువులు మరీ మెత్తగా ఉంటే నీటిలో కలవవు. పైపొర తడిసి జిగురవుతుంది, లోపలికి నీరు పోదు. జొన్నపిండి ఒక్కసారిగా వేడినీళ్లలో పోస్తే ఉండ కట్టినట్లే.

దీనికి 1950లలో అమెరికాలో డేవిడ్ పీబుల్స్ అనే ఆయన ఉపాయం కనిపెట్టాడు. ఆరిన రేణువులను కాస్త చెమ్మ చేసి, ఒకదానికొకటి అంటుకోనిచ్చి, మళ్లీ ఆరబెట్టాడు. అప్పుడు ఒక్కో పలుకు మరమరాల ఉండలా తయారవుతుంది. సందుల్లోంచి నీరు లోపలికి దూరి పలుకు చటుక్కున విడిపోతుంది. వెంటనే కరిగే పాలపొడి రహస్యమంతా ఆ సందుల్లోనే ఉంది.

మరమరాల ఉండను గోడకేసి కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆరబెట్టే గది నుంచి డబ్బాల్లో నింపే గదికి పొడిని చాలాచోట్ల గాలితో, గొట్టం ద్వారా పంపుతారు. గాలి వేగం హెచ్చితే పలుకులు గొట్టం గోడలకు, మలుపులకు కొట్టుకుని మళ్లీ పిండి అవుతాయి. మిల్లులో ధాన్యం నూకైతే రైతుకు ధర ఎలా పడిపోతుందో, ఇక్కడా అంతే.

కాలువలో ఒండ్రు, గొట్టంలో పొడి

గాలి వేగం తగ్గిస్తే సరిపోదా? అంత తేలిక కాదు. కాలువలో నీటి ఉరవడి తగ్గితే ఒండ్రు అడుగున పేరుకుంటుంది. గొట్టంలోనూ గాలి మందగిస్తే పొడి కిందికి కూర్చుని చివరికి దారి మూసుకుపోతుంది. పలుకులను తేలించి తీసుకుపోవాలంటే గాలి సుమారు సెకనుకు 15 నుంచి 20 మీటర్ల వేగంతో వీచాలి. 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు, రోడ్డు మీద బస్సు వేగం. ఆ వేగంతో పోయి మలుపులో ఢీకొంటే ఏ పలుకు నిలుస్తుంది! వేగం రెట్టింపైతే దెబ్బ బలం నాలుగు రెట్లు అవుతుంది.

ఇంకో చిక్కు పైకి కనబడదు. గొట్టం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ. ముందుకు పోయేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి వ్యాపిస్తుంది. అదే గొట్టంలో అంత గాలీ పట్టాలి కనుక వేగం పెరుగుతుంది. మొదట్లో ఒత్తిడి బయటి గాలి కంటే సగం ఎక్కువ ఉంటే, 16 మీటర్లతో బయలుదేరిన గాలి చివరికి 24 మీటర్లకు చేరుతుంది. అందుకే అన్నిటికంటే గట్టి దెబ్బ చివరి మలుపులోనే. ఇది ఎరిగిన ఇంజనీరు మధ్యలో గొట్టం వెడల్పు పెంచుతాడు. 100 మిల్లీమీటర్ల గొట్టాన్ని 125కు మారిస్తే వేగం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. తొందరపడి ముందే వెడల్పు చేశాడో, అక్కడే పొడి కూర్చుంటుంది. ఎక్కడ మార్చాలో లెక్క కట్టడమే అతని పనితనం.

రెండో దారి వేరు. పొడిని గాలిలో తేలించకుండా, జంతికల గొట్టంలో పిండిని నెట్టినట్లు ఒత్తిడి గాలితో దిమ్మలు దిమ్మలుగా నెట్టుకుపోవడం. ఇందులో వేగం సెకనుకు కొద్ది మీటర్లే. పలుకులు ఒకదాన్నొకటి ఆనుకుని కదులుతాయి, గోడకు తగిలే దెబ్బ తక్కువ. గాలీ తక్కువే పడుతుంది. కానీ ఒత్తిడి ఎక్కువ కావాలి. కంప్రెసర్, బలమైన తొట్టి, కవాటాలు, అన్నీ ఖర్చే. పైగా ప్రతి పొడీ ఇలా దిమ్మలుగా నడవదు. దిమ్మ సందుల్లోంచి గాలి కాస్త జారాలి. మరీ మెత్తటి పొడి గాలిని పోనివ్వక బిగుసుకుపోతుంది. అసలు పొడిని పరీక్ష గొట్టంలో నడిపి చూడకుండా కాగితం మీదే గీసేస్తే తర్వాత సుత్తులతో గొట్టాలు కొట్టుకోవాల్సిందే.

తేమ, వేడి, నిప్పు

కోస్తా జిల్లాల్లో గాలికే తేమ ఎక్కువ. పాలలోని చక్కెర ఆ తేమను లాగి జిగురవుతుంది. వర్షాకాలంలో బయటి గాలిని నేరుగా గొట్టంలోకి తోలితే లోపల పూత పట్టినట్లు అంటుకుంటుంది. కనుక గాలిని వడగట్టి, తేమ తీసి పంపాలి. చల్లబరచాలి కూడా. బ్లోయర్‌లో ఒత్తిడి పెరిగితే గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలి సగం ఒత్తిడి పెరిగేసరికి 65 డిగ్రీలు దాటుతుంది. వెన్న ఉన్న పొడికి ఆ వేడి తగిలితే కొవ్వు కరిగి పైకి వస్తుంది. పలుకు పగిలినా అంతే. పైకి వచ్చిన కొవ్వుకు గాలి తగిలి కొన్నాళ్లకు పాత నెయ్యి వాసన పట్టుకుంటుంది.

మెత్తటి పాలపొడి గాలిలో లేచి ఉండగా నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పొడి గొట్టానికి రాసుకుని పుట్టే విద్యుత్తు చాలు రవ్వ పుట్టడానికి. అందుకే గొట్టాలన్నిటినీ తీగతో భూమికి కలపాలి. పలుకులు ఎంత పగిలితే దుమ్ము అంత ఎక్కువ, ఈ భయమూ అంత ఎక్కువ.

ఇన్ని తంటాలకు మూలం ఒక్కోసారి గోడలు కట్టిన మేస్త్రీ దగ్గరే ఉంటుంది. స్థలం ఎక్కడ దొరికితే అక్కడ నింపే గది వేసి, తర్వాత ఇంజనీరును పిలిస్తే గొట్టం ఆవరణంతా తిరిగి, నాలుగైదు మలుపులు పడుతుంది. ఆరబెట్టే గదికి సరిగ్గా కిందే నింపే గది కట్టుకుంటే పొడి తన బరువుతోనే దిగుతుంది. గొట్టమూ వద్దు, గాలీ వద్దు. కట్టబోయే చోట రైతు సంఘం పెద్దలు మొదట అడగాల్సింది ఈ ప్రశ్నే.

ఉన్న ఫ్యాక్టరీలో గొట్టం పని ఎలా ఉందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గొట్టానికి ముందు ఒక గిన్నెడు, తర్వాత అదే గిన్నెడు పొడి కొలిచి తూచాలి. రెండోది బరువు తూగితే పలుకులు పగిలి సందులు పూడాయన్నమాట. అదే పొడిని డబ్బాలో పోస్తే కిలో తూకం సరిగ్గానే ఉంటుంది, డబ్బా మాత్రం పైన వెలితిగా కనబడుతుంది. కొన్నవాడు తూకంలో మోసం జరిగిందనుకుంటాడు.