దవడ ఆపరేషన్ తర్వాత మళ్లీ నమలడం ఎలా వస్తుంది?

ఇవాళ్టి టాపిక్‌లోకి వెళ్లేముందు ఒక చిన్న పని చెయ్యండి. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు కలిపి పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య నిలువుగా పెట్టి చూడండి. చేతులు కడుక్కున్నాకే! మూడు వేళ్లు పట్టాయంటే మీ నోరు మామూలుగానే తెరుచుకుంటోంది. పెద్దవాళ్లలో కనీసం 35 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. అంతకన్నా తగ్గితే ముద్ద పెట్టుకోవడం, బ్రష్ చేసుకోవడం రెండూ కష్టమే.

ఈ లెక్క ఎందుకంటే, దవడ ఆపరేషన్ అయినవాళ్లకు మొదట దెబ్బ తగిలేది ఇక్కడే. మన నిజామాబాద్ బీడీల జిల్లా. గుట్కా, ఖైనీ, జర్దా, బీడీ... ఇవన్నీ నోటి క్యాన్సర్‌కు దారులే. క్యాన్సర్ గడ్డతో పాటు దవడ ఎముక కూడా కొంత తీసేయాల్సి రావచ్చు. 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి పై దవడ పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. బండి యాక్సిడెంట్లు సరేసరి.

కాలి ఎముక దవడ ఎలా అవుతుంది?

మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. మన బరువు ఎక్కువగా మోసేది లావుది. బయటివైపు ఉండే సన్న ఎముక పేరు ఫిబులా. దాని మధ్య భాగాన్ని రక్తనాళాలతో సహా తీసి, దవడ ఆకారానికి కోసి, ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. ఆ రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద మెడలోని నాళాలకు కలిపి కుడతారు. దవడకు ఈ పద్ధతిని 1989లో ప్రపంచానికి చూపించింది అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో.

ఎముక వచ్చింది, ముఖం ఆకారం వచ్చింది. మరి నమలడం? అది దానంతటదే రాదు. నమలాలంటే ఎముకతో పాటు కండరాలు, పళ్లు, నాలుక, లాలాజలం, పెదవి స్పర్శ అన్నీ కలవాలి. ఆపరేషన్‌లో కొన్ని కండరాలు తెగుతాయి, కాబట్టి దవడ ఒక పక్కకు లాగుతుంది. కింది పెదవి మొద్దుబారితే అన్నం మెతుకు జారినా తెలియదు. అందుకే తాత నలుగురిలో కూర్చుని తినడం మానేస్తాడు. బరువు తగ్గడం అక్కడ మొదలవుతుంది.

మొదటి వారాలు

మొదట ముక్కులోంచి వేసిన పైపు ద్వారానే ఆహారం వెళ్తుంది. మింగడం సరిగా ఉందని డాక్టర్లు చూసి చెప్పాకే నోటితో మొదలుపెట్టాలి. తర్వాత మెట్టు మెట్టుగా వెళ్లాలి. ముందు పలచగా, తర్వాత చిక్కగా, ఆ తర్వాత మెత్తగా. మన ఇంటి వంటే చాలు: అంబలి, పలచటి మక్క గట్క, మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగు, ఉడికిన గుడ్డు. జొన్నరొట్టె తినాలనిపిస్తే పప్పుచారులో బాగా నానబెట్టి ఇవ్వండి. కారం తగ్గించండి. బోధన్ వైపు చెరకు గడ పంటితో చీల్చి తినడం అందరికీ అలవాటే, కానీ ఈ దవడకు అది వద్దు. తాగేటప్పుడు మాటిమాటికీ దగ్గు వస్తే అక్కడికి ఆపేసి డాక్టర్‌కు చెప్పండి.

నోటి వ్యాయామం

సర్జన్ సరే అన్నాకే ఇది. మెడికల్ షాపులో నాలుక నొక్కి చూసే చెక్క పుల్లలు దొరుకుతాయి. ఎన్ని పుల్లలు పడతాయో చూసి, ఆ కట్టను పళ్ల మధ్య పెట్టి ముప్పై సెకన్లు ఉంచాలి. ఇలా ఐదుసార్లు, రోజుకు ఐదు పూటలు. ఇది చాలాచోట్ల చెప్పే లెక్క. మీ వాళ్లకు డాక్టర్ వేరేగా చెబితే అదే ఫైనల్. కొద్దిరోజులకు ఇంకో పుల్ల చేర్చాలి. బిగుసుకున్నట్టు ఉండటం ఓకే, నొప్పితో కళ్లు తిరిగేలా వద్దు.

అసలు జాగ్రత్త రేడియేషన్ అప్పుడు ఉండాలి. మన దగ్గర "కరెంటు పెట్టడం" అంటారు కదా, అదే. దాని వల్ల కండరాలు మెల్లమెల్లగా గట్టిపడతాయి. కరెంటు అయిపోయిన నెలల తర్వాత కూడా నోరు మూసుకుపోవచ్చు. "ఇప్పుడు బాగుంది కదా" అని చాలామంది వ్యాయామం ఆపేసేది సరిగ్గా అప్పుడే. ఆపొద్దు. గుట్కా వల్ల ముందే నోరు బిగుసుకున్నవాళ్లు ఇంకా పట్టుగా చెయ్యాలి. ఇక గుట్కా ముట్టనే వద్దు.

పళ్ల సంగతి

కొత్త ఎముక మీద కట్టుడు పళ్లు పెట్టొచ్చు, లేదా ఇంప్లాంట్లు బిగించొచ్చు. ఇంప్లాంట్ ఎముకలో అతుక్కోవడానికే కొన్ని నెలలు పడుతుంది. దవడ పక్కకు లాగుతుంటే దాన్ని సరైన దారిలో పెట్టే పరికరం ఉంటుంది. పై దవడలో రంధ్రం మిగిలితే దాన్ని మూసే ప్లేటు ఉంటుంది, దాంతో నీళ్లు ముక్కులోకి రావు. ఇవన్నీ చూసేది కట్టుడు పళ్ల స్పెషలిస్టు, అంటే ప్రోస్తోడాంటిస్ట్. "పళ్లు ఎప్పుడు, ఎలా పెడతారు?" అని ఆపరేషన్‌కు ముందే అడగండి.

ఇంకొకటి, ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే. దవడకు కరెంటు పెట్టించుకున్నవాళ్లు, ఎన్నేళ్లయినా సరే, పన్ను నొప్పి అని ఊళ్లో క్లినిక్‌కి వెళ్లి పీకించుకోవద్దు. ఆ ఎముకకు మానే శక్తి తక్కువ. గాయం మానక ఎముకే చచ్చుబడిపోవచ్చు. ముందు రేడియేషన్ సంగతి డెంటిస్ట్‌కు చెప్పండి, క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడించండి. పాడైన పళ్లు ఉంటే కరెంటుకు ముందే తీయించాలి.

మీరు చేయగలిగింది

ఆపరేషన్ ఎక్కువగా హైదరాబాద్‌లో అవుతుంది, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఇంకోచోటనో. కోలుకునేది మాత్రం బోధన్, వర్ని, కోటగిరి ఇళ్లలో. అక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. ఐదు పూటలకు ఐదు అలారాలు పెట్టండి. వారానికోసారి బరువు, పుల్లల లెక్క నోట్ చేసి చెకప్‌కి వెళ్లినప్పుడు చూపించండి. పుల్లల లెక్క తగ్గినా, చీము, దుర్వాసన వచ్చినా, ప్లేటు బయటికి కనిపించినా వెంటనే వెళ్లండి. డబ్బుల విషయానికొస్తే, 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. మీ కేసులో ఏమేం వస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంకో మాట. వాళ్లు తినడానికి గంట పట్టినా పక్కనే కూర్చోండి. మూతి తుడుచుకోవడానికి ఒక బట్ట దగ్గర పెట్టి, మీ ప్లేటు కూడా అక్కడే పెట్టుకోండి. మీ ఇంట్లోనో మీ గల్లీలోనో ఇలాంటివాళ్లుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. మళ్లీ కలుద్దాం.