పక్కింటి పండగకు పిల్లల్ని తీసుకెళ్దాం

డిసెంబరు మూడోవారం వచ్చేసరికి సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో దుకాణాల ముందు రంగురంగుల నక్షత్రాలు వేలాడతాయి. నెల తిరక్కుండానే ధూల్‌పేటలో తయారైన గాలిపటాలు నగరంలోని మేడలన్నీ ఎక్కేస్తాయి. ఈ రెండింటి నడుమ, కొత్త సంవత్సరంతోపాటే, నాంపల్లిలో ఎగ్జిబిషన్ దీపాలు వెలుగుతాయి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఉండే ఈ మూడు వారాలూ హైదరాబాద్‌లో ఏడాది మొత్తం మీద పిల్లలతో బయట తిరగడానికి అనువైన రోజులు. ఎండ మెత్తబడుతుంది. సాయంత్రమైతే స్వెటర్ తొడుక్కుని నాలుగడుగులు వేయాలనిపిస్తుంది.

అయినా చాలా ఇళ్లల్లో సెలవంటే మాల్. కొలంబో వెళ్లినా, కోయంబత్తూరు వెళ్లినా అలాంటి మాలే ఉంటుంది. అక్కడ గడిపిన సాయంత్రంలో పిల్లలకు చలికాలమూ తెలియదు, తాము పుట్టి పెరుగుతున్న ఊరూ తెలియదు. మన పండగ మనం ఎలాగూ చేసుకుంటాం. పక్కింటివాళ్ల పండగనూ దగ్గర నుంచి చూసే వీలు ఈ నగరంలో ఉంది. సెలవుల్లో పిల్లలకు అది చూపించాలి.

సికింద్రాబాద్‌తోనే మొదలుపెట్టొచ్చు. 1806లో బ్రిటిష్ కంటోన్మెంట్‌గా ఏర్పడి, మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరిది. అందుకే ఇక్కడ పాత చర్చిలు ఎక్కువ. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది, 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. పండగనాటి రద్దీలో కాకుండా, ఒకటి రెండు రోజుల ముందు సాయంత్రం పూట వెళ్తే పిల్లలు పశువుల పాక అలంకరణను తీరిగ్గా చూడగలుగుతారు. ప్రార్థన జరుగుతుంటే వెనక వరసలో కూర్చోవాలి, ఫోన్ జేబులోనే ఉండాలి. ఈ చిన్న మర్యాద నేర్పడానికైనా అక్కడికి తీసుకెళ్లాలంటాను. తిరిగొచ్చేటప్పుడు ఏదైనా పాత బేకరీలో ప్లమ్ కేకు కొనండి. క్రైస్తవ మిత్రులుంటే మాత్రం కేకు కొనే పని లేదు, నేరుగా వాళ్లింటికే వెళ్లండి.

ఒకరోజు పూర్తిగా దొరికితే మెదక్ వెళ్లొచ్చు. వంద కిలోమీటర్ల దారి. అక్కడి కెథెడ్రల్‌ను మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించారు, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువు కాలంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. పిల్లలకు ముందుగా ఆ కథ చెప్పి, ఆ తర్వాత 175 అడుగుల గంట గోపురం చూపించండి. లోపలి రంగు అద్దాల కిటికీల మీద క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం కనిపిస్తాయి. బయటి వెలుతురు పడితేనే ఆ రంగులు లేస్తాయి కాబట్టి పొద్దు ఉండగానే చేరుకోవాలి. క్రిస్మస్ రోజున జనసముద్రంలో చిన్నపిల్లలతో నిలబడలేరు. మర్నాడో, ఆ మర్నాడో మేలు.

డిసెంబరులోనే ఇందిరా పార్కు దగ్గర పుస్తక ప్రదర్శన జరుగుతుంది. పిల్లల చేతికి కొంత డబ్బిచ్చి, పుస్తకం వాళ్లనే ఎంచుకోనివ్వండి. వాళ్లు తెచ్చిన పుస్తకం మనకు నచ్చకపోయినా ఫర్వాలేదు.

ఇక నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్. ఈ సెలవుల్లో ఒక్కచోటికే వెళ్లగలిగితే ఎక్కడికని ఎవరడిగినా నేను చెప్పేది నాంపల్లి పేరే. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘానికి హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలన్న ఆలోచన వచ్చింది. డబ్బు లేదు. స్థానికంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే జనమూ వస్తారు, నిధులూ వస్తాయనుకున్నారు. పబ్లిక్ గార్డెన్స్‌లో వంద దుకాణాలతో మొదలైన ఆ ప్రదర్శనను ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. అప్పుడు నడిచింది పది రోజులే. జనం పెరిగి చోటు చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పుడు మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతోంది, స్టాళ్లు 2,000 దాటాయి. వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. చదువుకున్న కుర్రాళ్లు తలపెట్టిన పని ఇన్ని దశాబ్దాల తర్వాతా చదువులకే ఉపయోగపడుతోందంటే ఈ నగరంలో పుట్టినవాళ్లెవరికైనా గర్వంగా ఉంటుంది. జెయింట్ వీల్ ఎక్కించే ముందు పిల్లలకు ఈ కథ కూడా చెప్పండి.

నుమాయిష్‌లో మూడు తరాలకూ పని దొరుకుతుంది. నానమ్మ దుప్పట్ల దగ్గర బేరం మొదలుపెడుతుంది. అమ్మ లక్నో చికన్ కుర్తాల దగ్గర ఆగిపోతుంది. కశ్మీర్ నుంచి శాలువాలు, బాదం, అక్రోట్లు పట్టుకుని ఏటా వచ్చే వ్యాపారులతో తాతయ్య మాట కలుపుతాడు. "మీ ఊళ్లో మంచు పడుతోందా?" అని వాళ్లను అడగమని పిల్లల్ని ముందుకు తోయండి. సగం హిందీ, సగం సైగలతో సాగే ఆ సంభాషణలో నేర్చుకున్న భూగోళం పరీక్షలైపోయాక కూడా గుర్తుంటుంది. జైళ్ల శాఖ స్టాల్లో ఖైదీలు తయారుచేసిన వస్తువులుంటాయి. అక్కడ పిల్లలు తప్పకుండా ప్రశ్నలు వేస్తారు. దాటేయకుండా జవాబు చెప్పండి.

ఆదివారం, సెలవు రోజుల్లో అడుగు తీసి అడుగు వేయలేం. వారం మధ్యలో, చీకటి పడకముందే వెళ్తే నడవడానికి చోటుంటుంది. కారు తీసుకెళ్తే సగం సాయంత్రం పార్కింగ్ వెతుకులాటకే సరిపోతుంది. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే మైదానం పక్కనే. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి ముందే అనుకోండి. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా స్టాళ్లు బూడిదయ్యాయి. బయటికి వెళ్లే గేట్లు ఎటున్నాయో లోపలికి అడుగుపెట్టగానే పిల్లలకు చూపించడం మర్చిపోకండి. ఇంకో మాట. పెద్దవాళ్ల కొనుగోళ్లు అయ్యాక పిల్లల ఆటలన్న పద్ధతి తిరగేయాలి. ముందు టాయ్ ట్రైన్, పీచుమిఠాయి, మిర్చి బజ్జీ. దుప్పట్లు చివర్లో. లేదంటే బస్తాలు మోసుకుంటూ అలసిపోయిన పిల్లల ఏడుపుతో ఇంటికి చేరతారు.

సంక్రాంతికి నగరం సగం ఖాళీ అవుతుంది. విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరతాయి. వెళ్లలేక ఉండిపోయినవాళ్లు దిగులుపడనక్కర్లేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒకే అంతస్తులో ఒకింట సకినాలు చుడుతుంటే ఎదురింట అరిసెలు వత్తుతుంటారు. సకినాల పిండిని వేళ్లతో తిప్పుతూ బట్టమీద వరసలుగా చుట్టడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. మొదటి పది వంకరపోతాయి, నూనెలో వేశాక వాటికే ముందు గిరాకీ. ఎవరింటి చిన్నారికి వాళ్లు విడివిడిగా భోగిపళ్లు పోయడం కంటే, అపార్ట్‌మెంట్ పిల్లలందరినీ ఒకేచోట కూర్చోబెట్టి రేగిపళ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర కలిపి పోస్తే ఆ సందడే వేరు. పార్కింగ్ స్థలంలో కార్లు జరిపి ముగ్గుకు చోటివ్వమని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

పరేడ్ గ్రౌండ్స్‌లో గాలిపటాల పండగ జరిగే ఏడాదైతే విదేశాల నుంచి వచ్చిన భారీ పటాలను చూడొచ్చు. నగరంలో స్థిరపడిన వేరే రాష్ట్రాలవాళ్లు తెచ్చే మిఠాయిలు ఆ పక్కనే. కానీ గాలిపటం సొంత మేడ మీద నుంచి ఎగరేస్తేనే తృప్తి. పిట్టగోడ ఉన్న మేడే ఎక్కాలి, పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి. పక్క మేడవాళ్ల పటం తెగగానే "అఫా!" అని పాతబస్తీ కేక పెట్టడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దారం మాత్రం నూలుదే కొనండి. నైలాన్ చైనా మాంజా నిషేధంలో ఉన్నా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. అది బైకుల మీద వెళ్లేవాళ్ల మెడలు కోస్తోంది, పక్షుల రెక్కలు తెంపుతోంది. అదే చలికాలంలో మియాపూర్ అవతల అమీన్‌పూర్ చెరువుకు వలస పక్షులు వస్తాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చెరువది. సెలవుల్లో ఒక ఉదయం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి ఆ పక్షుల్ని చూపిస్తే, మాంజా ఎందుకు వద్దో విడిగా పాఠం చెప్పాల్సిన పని ఉండదు. కనుమ నాడు మేడ మీద, కింద చెట్ల కొమ్మల్లో చిక్కుకున్న దారమంతా ఏరించి, ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయించండి. చేతికందని కొమ్మలకు పొడవాటి కర్ర పట్టుకుని పెద్దవాళ్లు కదలాలి.