పులసకు పాత చిరునామా!

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. నిజంగానే ఇప్పుడా చేప ధర పుస్తెల దాకా వచ్చింది. ‘పులసలు తగ్గిపోయాయి’ అని ఏటా అనుకుంటూనే ఉంటాం. ఎప్పటికంటే తగ్గాయి? పదేళ్ల కిందటికంటేనా, తాతల కాలం కంటేనా? సముద్రాన్ని కాపాడుకోవాలంటే ముందు ఈ లెక్క తేలాలి అంటున్నారు శాస్త్రవేత్తలు. దానికోసం పాత పుస్తకాలూ పాత ఫొటోలూ తిరగేస్తున్నారు. అలాంటి పుస్తకాల్లో ఒకటి మన విశాఖ తీరానిదే!

డాక్టరుగారి చేపల పుస్తకం

పాట్రిక్ రస్సెల్ అనే పేరు వినగానే పాములు గుర్తొస్తాయి. రక్తపింజరిని ఇంగ్లిషులో పిలిచేది ఆయన పేరుతోనే. స్కాట్లాండ్‌కు చెందిన ఈ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. పాములతో పాటు చేపల మీదా ఆయనకు మోజే. విశాఖలో సేకరించిన 200 చేపల బొమ్మలూ వివరాలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం అచ్చయింది.

అందులో మనకు ముచ్చటేసే విషయం ఒకటుంది. చేపలకు రస్సెల్ కొత్త పేర్లు వెతుక్కోలేదు. ఇక్కడి జాలర్లు ఏమని పిలిస్తే చాలావాటికి అదే రాసుకున్నాడు. నల్ల చందువ, తెల్ల చందువ, పాలబొంత, సొర... ఇంగ్లిషు అక్షరాల్లో కాస్త వంకరపోయినా అన్నీ మన మాటలే. ఆయన రాసుకున్న ‘కనగుర్త’నే ఫ్రాన్స్ శాస్త్రవేత్త క్యువియర్ 1816లో శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. విశాఖ బజారులో కానగంతలని బేరమాడే ఆ చేప ఇప్పటికీ ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో రాస్ట్రెలిగర్ కనగుర్తానే. పులస కూడా ‘పలస’గా ఆ పుస్తకంలో ఉంది!

మరిచిపోవడమే జబ్బు

పాత పుస్తకంలో చేప పేరుంటే ఏమిటి లాభం? ఈ ప్రశ్నకు 1995లో డేనియల్ పౌలీ అనే శాస్త్రవేత్త జవాబు చెప్పాడు. ప్రతి తరమూ తన చిన్నప్పుడు చూసిన సముద్రమే అసలు సముద్రం అనుకుంటుంది. అప్పటికే తరిగిపోయిన దాన్ని నిండుకుండగా లెక్కేస్తుంది. తర్వాతి తరం ఇంకాస్త తరిగినదాన్ని! ఇలా కొలబద్దే జారిపోతూ ఉంటే నష్టం కంటికి ఆనదు.

అమెరికాలోని కీ వెస్ట్ రేవులో సరదాగా వేటకెళ్లినవారు ఒడ్డుకొచ్చాక చేపలను వేలాడదీసి ఫొటోలు దిగేవారు. లోరెన్ మెక్లెనాఖన్ అనే పరిశోధకురాలు ఆ పాత ఫొటోలన్నీ పోగేసి కొలిచింది. 1950ల్లో ఒక్కో చేప సగటున 20 కిలోల దాకా తూగేది. 2007లో 2.3 కిలోలు! ఫొటోల్లో జనం ముఖాలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకేలా వెలిగిపోతూనే ఉన్నాయి.

మన దగ్గర కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏర్పడిందే 1947లో. చేపల రాబడిని పద్ధతిగా లెక్కగట్టడం ఆ తర్వాతి మాట. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయిందేమో 1852లో. అంటే లెక్కలు మొదలయ్యేసరికే పులసకు గోదావరిలో దారి మూసుకుపోయి వందేళ్లు కావస్తోంది! ఆ లెక్కల్నే పట్టుకుని ‘మళ్లీ అంత పెంచుదాం’ అనుకుంటే సగం పోయిన ఆస్తినే మొత్తం ఆస్తి అనుకున్నట్టు. ఎదురీదే చేపలకు ఆనకట్టలు అడ్డమవుతున్నాయని ఫ్రాన్సిస్ డే అనే అధికారి 1873లోనే నివేదిక రాశాడు. 

కోటగిరి నీళ్లూ కావాలి

సముద్రం సంగతి తీరంవాళ్లు చూసుకుంటారులే అనుకోవడానికీ లేదు. నిజామాబాద్ జిల్లా కోటగిరికి కొద్ది దూరంలో పారే మంజీర, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో సముద్రంలోకి దూకే ఎర్రనీళ్లే పులసను నదిలోకి పిలుస్తాయి. ఆ పిలుపులో మంజీర వాటా కూడా ఉంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక అందులో కొంత పొలాలకు మళ్లింది. కోటగిరి వైపు వరి పండించిన ఆ నీళ్లను తప్పుపట్టలేం. కానీ పులస లెక్క వేసేటప్పుడు ధవళేశ్వరం దిగువనే ఆగిపోతే ఎలా?

గంగానదిలో ఇలాంటి పని మొదలైంది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన పులసలు దాదాపు మాయమయ్యాయి. అంతకుముందు అలహాబాద్‌లోనూ పడేవని పాత రికార్డులు చెప్పబట్టే బ్యారాక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ బ్యారేజీ పైభాగంలో చేపలను వదులుతోంది. ఆ కాగితాలే లేకపోతే అక్కడ పులస ఉండేదంటే నమ్మేదెవరు?

రంపంలాంటి పొడవాటి మూతి ఉండే పెద్ద చేప సంగతి ఇంకా దారుణం. దాన్ని పట్టడం 2001 నుంచి మన దేశంలో నేరం. ఇప్పుడది వలలో పడితే పేపర్లో వార్త! అది ఎక్కడెక్కడ తిరిగేదో తెలుసుకోవడానికి చాలా దేశాల్లో పరిశోధకులు ముసలి జాలర్లనే ఆశ్రయిస్తున్నారు. ఇళ్లలో దాచుకున్న పాత రంపాలనూ కొలుస్తున్నారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లోనూ అలాంటి పెద్దలున్నారు. రస్సెల్‌కు చేపల పేర్లు చెప్పినవాళ్ల వారసులు!