సూరత్ చలిగాలి, పాలియెస్టర్ బట్ట, కంప్యూటర్ ర్యామ్

సింథటిక్ చీరలకు పేరుపడ్డ సూరత్‌లో, మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. చలికాలపు పొడిగాలిలో పాలియెస్టర్ బట్ట ఒంటికి అతుక్కుని చిటపటలాడడం వారికి కొత్త కాదు. ఇంట్లో కంప్యూటర్‌కు ర్యామ్ పెంచుకునే రోజున మాత్రం ఆ చిటపటతో జాగ్రత్తగా ఉండాలి.

స్థిరవిద్యుత్తు దాదాపు 3,000 వోల్టులకు చేరితే గానీ మనిషికి చురుక్కుమనదు. చిప్‌లోని ట్రాన్సిస్టర్లలో విద్యుత్ నిరోధక పొర మందం నానోమీటర్లలోనే ఉంటుంది. అంతకంటే ఎంతో తక్కువ వోల్టేజికే, తెలియకుండానే అది దెబ్బతినవచ్చు. అందుకే నూలు బట్టలు వేసుకుని, ప్లగ్ తీసేసి, కేబినెట్‌లో రంగు వేయని లోహభాగాన్ని ముట్టుకోవాలి. అప్పుడు శరీరం, కేబినెట్ ఒకే పొటెన్షియల్‌కు వస్తాయి. ఆ తర్వాతే ర్యామ్‌ను అంచులు పట్టుకుని తీయాలి.

అసలు ర్యామ్ అవసరమా అన్నది టాస్క్ మేనేజర్‌లో ముందే చూసుకోవచ్చు. మెమరీ సగం ఖాళీగా ఉంటే నిదానానికి కారణం మరొకటి. కొనేటప్పుడు మదర్‌బోర్డు ఏ రకానిదో తెలియాలి. డెస్క్‌టాప్ డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, గాడి ఉన్న చోటు వేరు. ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు, బలవంతం చేస్తే స్లాటే విరుగుతుంది. సరైనదైతే రెండు చివరలా సమంగా నొక్కగానే క్లిప్పు టక్కుమంటుంది. తెర వెలగకపోతే ర్యామ్ పాడైందనుకోనక్కర్లేదు; చాలాసార్లు అది పూర్తిగా దిగి ఉండదు, అంతే.